సైకిలు భత్యం: జీతం చీటీలో ఒక చిన్న వరస

తెలుగులో కొన్ని మాటలు జంటగానే తిరుగుతాయి. ఇల్లూ వాకిలీ, గొడ్డూ గోదా, తిండీ తిప్పలూ. అలాంటిదే 'జీతభత్యాలు'. జీతం అంటే మీ అందరికీ తెలుసు. మరి భత్యం? పెద్దవాళ్ళు దీన్నే బత్తెం అనేవారు. పనికి పెట్టుకున్న మనిషికి పూట గడవడానికి ఇచ్చే గింజలు, లేదా వాటికి బదులుగా ఇచ్చే డబ్బు బత్తెం. అంటే జీతం చేసిన పనికి, బత్తెం ఆ పని చేయడానికి మనిషికి అయ్యే ఖర్చుకి. ఈ తేడా గుర్తుంటే ఈ పాఠం తేలిక.

మన విద్యాలయంలో చదివే పిల్లల్లో చాలామంది రైల్వే ఇళ్ళవాళ్ళు. అమ్మనో నాన్ననో అడిగి ఒక నెల జీతం చీటీ చూడండి. అంకెలు మనకు అక్కర్లేదు, అవి వాళ్ళ సొంత విషయం. వరసల పేర్లు చాలు. మూల వేతనం, కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం అని వరసగా ఉంటాయి. చాలా కొద్దిమంది చీటీల్లో మాత్రం ఇంకో చిన్న వరస కనిపిస్తుంది: సైకిలు భత్యం. ఉద్యోగులు సైకిలు మీద పనికి రావాలని కోరుకుంటే పని ఇచ్చేవాళ్ళు ఏమేం చేయవచ్చు, ఎక్కడెక్కడ ఏం చేశారు, దానివల్ల ఎవరికి ఎంత మేలు జరిగింది అన్నది ఆ వరస పట్టుకుని చూద్దాం.

లిలువా రైలు పెట్టెల ఊరు. ఈస్ట్ ఇండియన్ రైల్వేవాళ్ళు హౌరాలో ఉన్న తమ వర్క్‌షాప్‌ను 1900లో ఇక్కడికి తెచ్చారు. అప్పటి నుంచీ ఇక్కడ పెట్టెలు బాగుచేస్తూనే ఉన్నారు. ఉదయం పని మొదలయ్యే వేళ గేటు దగ్గర నిలబడితే సైకిళ్ళు బారులుగా వస్తాయి. హ్యాండిలుకి టిఫిను డబ్బా, సీటు మీద ప్లాస్టిక్ సంచి తొడుగు. వానాకాలంలో ఒక చేత్తో గొడుగు పట్టుకుని రెండో చేత్తో హ్యాండిలు తిప్పే పనితనం చూసి తీరవలసిందే. (మీరు చేయకండి.) స్టేషను పక్క సందుల్లో సైకిల్ 'గ్యారేజీలు' ఉంటాయి. మన తెలుగు ఊళ్ళలో స్టాండు అంటాం, ఇక్కడ గ్యారేజీ అంటారు. ఇంటి నుంచి స్టేషను దాకా సైకిలు, అక్కడి నుంచి లోకల్ రైలు. సాయంత్రం మళ్ళీ అదే దారి. కోల్‌కతా చుట్టుపక్కల లక్షలమంది బతుకు ఈ రెండింటి మీదే నడుస్తుంది.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగం ఇళ్ళలోనే సైకిలు ఉంది, సరిగ్గా చెప్పాలంటే 50.4 శాతం ఇళ్ళలో. పశ్చిమ బెంగాల్లో అది 78.9 శాతం. పెద్ద రాష్ట్రాల్లో ఇంతకు మించినది లేదు. 2011 జనగణనలో పొలం పనీ, ఇంటి పరిశ్రమా కాకుండా వేరే పనులకు వెళ్ళేవాళ్ళను ఎలా వెళ్తారని అడిగితే, సుమారు నూటికి పదముగ్గురు సైకిలు మీద అని చెప్పారు.

ఈ అంకెలు ఎందుకు చెప్తున్నానంటే, సైకిలు ప్రోత్సాహం గురించి పత్రికల్లో చదివేదంతా కారు ఉన్న మనిషిని సైకిలు ఎక్కించడం ఎలా అన్నదాని మీదే ఉంటుంది. లిలువాలో ఆ అవసరం తక్కువ. ఇక్కడ ఎక్కినవాళ్ళు ఇప్పటికే ఉన్నారు. వాళ్ళు దిగిపోకుండా చూడటమే ఇక్కడి పని. పథకం వేసేవాళ్ళ కంటికి వీళ్ళు ఆనరు, అదే ఇబ్బంది.

ఇప్పుడు మన వరస దగ్గరికి వద్దాం. కేంద్ర ప్రభుత్వంలో సైకిలు భత్యం పాతదే. అయితే అది ఇంటి నుంచి ఆఫీసుకి రావడానికి ఇచ్చేది కాదు. ఉద్యోగమే సైకిలు మీద తిరిగేదైతే, ఆ సొంత సైకిలుకి అయ్యే ఖర్చు కింద ఇచ్చేది. ఏడవ వేతన సంఘం దీన్ని తీసేయమని సిఫారసు చేసింది. ప్రభుత్వం మాత్రం తపాలా శాఖలో పోస్ట్‌మన్‌లకూ, రైల్వేలో ట్రాక్‌మన్‌లకూ దీన్ని ఉంచాలని నిర్ణయించి, నెలకు 90 రూపాయలుగా ఉన్నదాన్ని 2017 జూలై నుంచి 180 రూపాయలు చేసింది. ట్రాక్‌మన్ అంటే మన ఇళ్ళలో పాత అలవాటు కొద్దీ గ్యాంగ్‌మన్ అని పిలిచే మనిషే. పట్టాలు సరిగా ఉన్నాయో లేదో చూసి బాగుచేసేది ఆయనే. ఆయన పని చోటు రోజుకో దగ్గర ఉంటుంది కనుక సైకిలు ఆయనకు పనిముట్టు. పోస్ట్‌మన్ సంగతి చెప్పనక్కర్లేదు.

లెక్కల పిల్లలు ఇక్కడ ఒకసారి పెన్సిలు తీయండి. నెలకు 26 పనిదినాలు అనుకుంటే 180 రూపాయలు రోజుకు ఎంత? ఏడు రూపాయలకు కొంచెం తక్కువ. టైరు, ట్యూబు, బ్రేకు కట్టలు, చైనుకి నూనె, అప్పుడప్పుడు పంక్చరు అన్నీ దీంట్లోనే. మీ వీధి చివర సైకిలు షాపులో ఒక టైరు ధర అడిగి, అది ఎన్ని నెలల భత్యం అవుతుందో లెక్క కట్టండి. దుకాణాన్ని బట్టి జవాబు మారుతుంది, అందుకే నేను చెప్పడం లేదు.

ఇప్పుడు రవాణా భత్యం వరస చూడండి. ఇది ఇంటి నుంచి పనికి రావడానికే ఇచ్చేది. ఏడవ వేతన సంఘం తర్వాత నిర్ణయించిన ప్రకారం పెద్ద నగరాలుగా లెక్కించే 19 చోట్ల మూడు నుంచి ఎనిమిదో స్థాయి దాకా ఉన్నవాళ్ళకు నెలకు 3,600 రూపాయలు, ఆ పైవాళ్ళకు 7,200, అన్నిటికంటే దిగువ రెండు స్థాయుల్లో కొత్తగా చేరినవాళ్ళకు 1,350. దీనిపైన కరువు భత్యం అదనం. కోల్‌కతా ఆ 19లో ఒకటి, హైదరాబాదు ఇంకొకటి. మిగతా ఊళ్ళలో దాదాపు ఇందులో సగం. ఎలా వచ్చావని ఎవరూ అడగరు. కారులో వచ్చినా, బస్సులో వచ్చినా, సైకిలు తొక్కుకుంటూ వచ్చినా ఒకటే. అంటే సైకిలు మీద వచ్చే ఉద్యోగికి ఈ డబ్బులో చాలా భాగం మిగులుతుంది. పేరు పెట్టకపోయినా మన దేశంలో ఉద్యోగికి అందే అసలైన సైకిలు ప్రోత్సాహం ఇదే అని నాకనిపిస్తుంది. తమాషా ఏమిటంటే ఇందులో కూడా పెద్ద జీతంవాళ్ళకు పెద్ద భత్యం. సైకిలు మీద వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్ళకు చిన్నది.

నిబంధనల పుస్తకంలో సైకిలు ఇంకో రెండు చోట్ల కనిపించేది. ఒకటి సైకిలు అడ్వాన్సు. వడ్డీ లేకుండా డబ్బు ఇచ్చి, వాయిదాలుగా జీతంలో కోసుకునేవారు. దిగువ స్థాయి ఉద్యోగులకు మాత్రమే ఉండేది. ఏడవ వేతన సంఘం తర్వాత 2016లో చాలా వడ్డీ లేని అడ్వాన్సులతో పాటు ఇదీ పోయింది. రెండోది బదిలీ ఖర్చులు. ఇది నాలాంటి వాళ్ళకు బాగా తెలిసిన పేజీ. ఉద్యోగం మొదలుపెట్టాక ఎన్ని ఊళ్ళు మారానో లెక్కపెట్టడానికి రెండు చేతులూ కావాలి. బదిలీ అయినప్పుడు ఉద్యోగి తన వాహనాన్ని కొత్త ఊరికి పంపుకోవడానికి ఖర్చు ఇస్తారు. ఆరో స్థాయి, ఆ పైవాళ్ళకు ఒక కారు లేదా ఒక మోటారు సైకిలు. ఐదో స్థాయి, ఆ దిగువవాళ్ళకు ఒక మోటారు సైకిలు, స్కూటరు, మోపెడ్ లేదా సైకిలు. 'సైకిలు' అన్న మాట ఈ రెండో వరసలోనే ఉంది. పై వరసలో లేదు. ఒక హోదా దాటాక మనిషి దగ్గర సైకిలు ఉండదని ఎవరో తీర్మానించినట్టే ఉంది.

ఈ ఆలోచన మన భాషలోనూ ఉంది, కాబట్టి తెలుగు టీచరుగా ఒక్క మాట. హిందీలోనూ బెంగాలీలోనూ సైకిలుని 'నడుపుతారు'. కారుకీ సైకిలుకీ అదే క్రియ. మనం కారు నడుపుతాం, సైకిలు మాత్రం తొక్కుతాం. "బండి కొన్నావా?" అని ఎవరైనా అడిగితే సైకిలు గురించి కాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. తొక్కేది ఒళ్ళు వంచే పని, నడిపేది హోదా. జీతం పెరిగిన రోజున మనవాళ్ళు మొదట వదిలించుకునేది ఆ తొక్కే వస్తువునే. చిన్నప్పుడు గంటకింత అని అద్దె సైకిలు తెచ్చుకుని వీధంతా తిరిగినవాళ్ళే పెద్దయ్యాక దాన్ని మేడ మెట్ల కింద పడేస్తారు. ప్రభుత్వాలు కూడా సైకిలుని పిల్లల వస్తువుగానే చూస్తాయి. 2015లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం మొదలుపెట్టిన సబుజ్ సాథీ పథకం తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలకు సైకిళ్ళిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పేరుతో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ఇచ్చారు. మంచి పథకాలే. ఆ అమ్మాయి రేపు ఉద్యోగంలో చేరితే మాత్రం అదే సైకిలుకి పుస్తకంలో చోటు వెతుక్కోవాలి.

బయటి దేశాల్లో ఎలా చేశారో రెండు ఉదాహరణలు చూద్దాం. రెండూ ఒకలాంటివి కావు. ఆ తేడాయే మనకు కావలసిన పాఠం.

బ్రిటన్‌లో 1999 ఆర్థిక చట్టంతో ఒక పద్ధతి వచ్చింది. యజమాని సైకిలు కొని ఉద్యోగికి వాడుకోవడానికి ఇస్తాడు. దాని ఖరీదు ఉద్యోగి జీతంలోంచి నెలనెలా తగ్గుతుంది, కాని పన్ను లెక్కకట్టక ముందే తగ్గుతుంది. కనుక ఆ మొత్తం మీద పన్ను కట్టనక్కర్లేదు. వెయ్యి పౌండ్ల సైకిలు తీసుకుందాం. మామూలు జీతగాడు 20 శాతం ఆదాయ పన్ను, 8 శాతం జాతీయ బీమా కడతాడు. అతనికి మిగిలేది 280 పౌండ్లు. పెద్ద జీతగాడు పై భాగం మీద 40 శాతం పన్ను, 2 శాతం బీమా కడతాడు. అతనికి మిగిలేది 420. అదే సైకిలు, అదే రోడ్డు. ఎవరికి ఎక్కువ జీతమో వారికే ఎక్కువ రాయితీ. ఇంకా ఉంది. జీతంలోంచి కోత పడ్డాక మిగిలేది చట్టం చెప్పిన కనీస వేతనం కంటే తగ్గకూడదు. అందువల్ల అందరికంటే తక్కువ జీతంవాళ్ళు ఈ పథకంలో చేరలేరు. అక్కడ చాలామంది ఈ పథకంతో సైకిళ్ళు కొన్నారు, అందులో సందేహం లేదు. గిడ్డంగి ఊడ్చే మనిషి మాత్రం తన డబ్బుతోనే కొనుక్కోవాలి.

బెల్జియం పద్ధతి వేరు. అక్కడ కిలోమీటరు లెక్క. ఇంటి నుంచి పనికి సైకిలు మీద వచ్చినవాళ్ళకు కిలోమీటరుకి ఇంత అని యజమాని ఇస్తాడు, దాని మీద పన్ను లేదు. ఎన్నో సంస్థల్లో ముందు నుంచే ఉన్నదాన్ని, 2023 మే 1 నుంచి అలాంటి ఒప్పందం లేని ప్రైవేటు సంస్థలకు కూడా తప్పనిసరి చేశారు. అప్పటి రేటు కిలోమీటరుకి 0.27 యూరో, ఒక వైపుకు 20 కిలోమీటర్ల దాకా. ఐదు కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే మనిషి నెలకు 20 రోజులు వస్తే ఎంత? రోజుకు 10, నెలకు 200 కిలోమీటర్లు, 54 యూరోలు. మేనేజరుకీ 54, ఊడ్చే మనిషికీ 54. ఇంతకుముందే సైకిలు మీద వస్తున్నవాడికీ ఇస్తారు, నిన్న కొత్తగా ఎక్కినవాడికీ ఇస్తారు. బత్తెం అన్న మన పాత మాటకు సరిగ్గా సరిపోయేది ఇదే: పనికి రావడానికి పడ్డ ఖర్చు, పడ్డ శ్రమ.

అమెరికా సంగతి ఒక వాక్యంలో చెప్పవచ్చు. 2009లో సైకిలు మీద వచ్చే ఉద్యోగికి నెలకు 20 డాలర్ల దాకా పన్ను లేకుండా ఇవ్వవచ్చన్నారు, అదే ఏడాది కారు నిలుపుకోవడానికి 230 డాలర్ల దాకా ఇవ్వవచ్చు. 2018 నుంచి ఆ 20కి ఉన్న పన్ను మినహాయింపు కూడా ఆపేశారు.

డబ్బు ఒక్కటే ఉంటే సరిపోదు. దీనికి మన పక్క నగరమే సాక్ష్యం. 2013లో కోల్‌కతా పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్ళను నిషేధించారు. మోటారు వాహనాల వేగానికి సైకిళ్ళు అడ్డమన్నది కారణం. పాలవాళ్ళు, పేపరు వేసేవాళ్ళు, చిన్న చిన్న సరుకులు చేరవేసేవాళ్ళు వీధిలోకొచ్చి అడిగితే తర్వాత ఆ సంఖ్య తగ్గించారు. 2020లో కరోనా వల్ల లోకల్ రైళ్ళు ఆగిపోయినప్పుడు, నిన్నటి దాకా వద్దన్న సైకిలే జనాన్ని పనికి చేర్చింది. అప్పుడు కొన్ని దారులు తెరిచారు. పనికి సైకిలు మీద రమ్మని ఒక చేత్తో డబ్బిచ్చి, ఆ దారిలోనే రెండో చేత్తో చలానా రాస్తే ఆ డబ్బుకి అర్థం లేదు.

హైదరాబాదులో దీనికి తిరగేసిన బొమ్మ కనిపిస్తుంది. ఔటర్ రింగు రోడ్డు పక్కన నానక్‌రామ్‌గూడ నుంచీ, నార్సింగి నుంచీ రెండు భాగాలుగా 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరు 1న మొదలైంది. పైన సౌర పలకల కప్పు, కింద నీడ. కరెంటూ వస్తుంది, ఎండా తగలదు. చూడముచ్చటైన బాట. చుట్టూ ఐటీ కార్యాలయాలు. కాని ఆ బాట ఇంటి గుమ్మానికీ ఆఫీసు గుమ్మానికీ మధ్య లేదు. వేగంగా పోయే పెద్ద రోడ్డు పక్కన ఉంది. ఉదయం వ్యాయామానికి బాగుంటుంది. అంత ఖర్చులో కొంత కార్యాలయాలకు వెళ్ళే మామూలు రోడ్ల అంచున పెట్టి ఉంటే నేను ఇంకా సంతోషించేవాణ్ణి.

లిలువా దగ్గరి గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద అలాంటి బాటకు జాగా ఎక్కడుందని మీరు అడగవచ్చు. నిజమే, లేదు. ఒక కార్యాలయం రోడ్డుని వెడల్పు చేయలేదు. తన గోడల లోపల చేయగలిగినవి మాత్రం ఉన్నాయి, వాటికి పెద్ద పథకం అక్కర్లేదు. కార్లకు రేకుల కప్పు వేసినచోట సైకిళ్ళకు కూడా వేయవచ్చు. బెంగాల్ వానలో మూడు నెలలు బయట తడిసిన సైకిలు తుప్పు పట్టకుండా ఎలా ఉంటుంది? ఒక గాలి పంపు, తాళం వేసుకోవడానికి ఒక ఇనప కడ్డీ, చెమట కడుక్కుని చొక్కా మార్చుకోవడానికి తలుపు ఉన్న గది. ఆడవాళ్ళకు ఆ తలుపు మరీ ముఖ్యం. పోయిన వడ్డీ లేని అడ్వాన్సుని ఏ స్థాయివారైనా తీసుకునేలా మళ్ళీ పెట్టడం మాత్రం పైవాళ్ళ చేతిలో పని. 2025 సెప్టెంబరులో సైకిళ్ళ మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అంటే అడ్వాన్సు మొత్తం కూడా మరీ పెద్దది కానక్కర్లేదు. ఇవన్నిటిలో ఏది ముందు అని నన్నడిగితే, కప్పు అంటాను. డబ్బు అందుకున్నవాడికే తెలుస్తుంది, కప్పు దారిన పోయే అందరికీ కనిపిస్తుంది. సైకిలు కూడా ఈ ఆవరణలో ఒక వాహనమే అని అది రోజూ చెబుతుంది.

బడి కూడా ఒక కార్యాలయమే అన్న సంగతి మీరు మరిచిపోయి ఉంటారు. మీకది చదువుకునే చోటు. మాలాంటి వాళ్ళకీ, తోటమాలికీ, గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్‌కీ అది పనిచేసే చోటు. అందుకే ఈ పాఠానికి అభ్యాసం ఇక్కడే చేయవచ్చు. ముగ్గురు నలుగురు జట్టుగా ఏర్పడి ఒక వారం పాటు ఉదయం గేటు దగ్గర లెక్క రాయండి: పనిచేసేవాళ్ళలో నడిచి వచ్చేది ఎందరు, సైకిలు మీద ఎందరు, మోటారు బండి మీద, కారులో, టోటోలో ఎందరు. పేర్లు రాయకూడదు. వాన పడ్డ రోజు అంకె ఎంత మారిందో విడిగా రాయండి, అది అన్నిటికంటే ఆసక్తిగా ఉంటుంది. తర్వాత సైకిలు మీద వచ్చేవాళ్ళలో ఒకరిని, వారికి ఖాళీ ఉన్నప్పుడు, ఏది ఉంటే సుఖంగా ఉంటుందని అడగండి. హిందీలోనో బెంగాలీలోనో చెప్తే ఆ మాటలు విని తెలుగులో రాసుకోండి, 'తొక్కడం' అన్న క్రియ ఎక్కడ వాడాలో అప్పుడు బాగా తెలుస్తుంది. చివరగా ఆ వివరాలతో ప్రధానాచార్యులకు ఒక లేఖ రాయండి. మీరు అడిగేది ఒకటే ఉండాలి, దానికి అయ్యే ఖర్చు అంచనా ఉండాలి. స్థలం, తేదీ, విషయం పైన రాయడం మరవకండి. పుటన్నర దాటకూడదు.